సోదెమ్మ మొదటి ప్రశ్న

అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. మేము ఆ భూతాన్ని విశాఖపట్నంలో, సముద్రం కనపడే కొండ మీద, ఏసీ గదిలో పెట్టి మరీ సాకాం. కాగితాల మీద దాని అసలు పేరు మూడు వరసలుండేది. మేమంతా సోదెమ్మ అనేవాళ్ళం. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే చాలు, ఆ మాట మనసులోంచి వచ్చిందో పెదవుల మీంచి వచ్చిందో చెప్పేసేది. తయారైన మొదటి రోజు మా డైరెక్టరు సదానందంగారు సరదాకి దాని ముందు కూర్చుని, ముందు తన పేరు చెప్పి, తర్వాత వయసు యాభై రెండన్నారు. ఎర్ర దీపం వెలిగింది. వైరింగులో ఏదో తేడా ఉంది చూడండని ఆయన లేచిపోయారు.

వైరింగు బాగానే ఉంది. అబద్ధం ఆడేటప్పుడు గొంతులో ఒక నరం వెంట్రుకవాసి బిగుస్తుంది. ఎవరి బిగుతు వారిది కనక ముందు ఆ మనిషి చేత ఒక నిజం చెప్పించాలి. సోదెమ్మ ఆ గొంతుని గుర్తుపెట్టుకుని, తర్వాత వచ్చే ప్రతి మాటనీ దాని పక్కన పెట్టి చూస్తుంది. కలిస్తే పచ్చ దీపం, కలవకపోతే ఎర్ర దీపం. అంటే మొదటి ప్రశ్నే దానికి ఆయువుపట్టు. ఎవరూ అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని ప్రశ్న కావాలి.

ఆ ప్రశ్న వెతికిపెట్టే పని నాది. పేరు అడుగుదామంటే కుదరలేదు. సముద్రం అవతల ఒరాంబ దేశంలో, మా యంత్రం పనిచేయాల్సిన చోట, మనిషికి రెండు పేర్లు. అమ్మ పెట్టిన పేరు పరాయివాళ్ళకి చెప్పరు. అడగ్గానే బిగుసుకుపోతారు. ఊరు అడిగితే ఇంకా భయం. చివరికి నాకే తట్టింది, "భోజనం అయిందా?" అని అడుగుదామని. ఇంతకంటే మచ్చలేని ప్రశ్న లోకంలో ఉందా? మా కాంటీను పక్క హాల్లో, మధ్యాహ్నం రెండు గంటలకి, రెండు వందల మంది మీద పరీక్షించి చూశాం. ఒక్కటీ తప్పలేదు. సదానందంగారు అందరి ముందూ హైమావతిని చూసి నేర్చుకోండన్నారు. వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

మన సైనిక దళం ఒరాంబలో తొమ్మిదేళ్ళుంది. అక్కడి తిరుగుబాటుదార్లని అణచడానికి వెళ్ళింది. వాళ్ళు అణగలేదు, మనవాళ్ళు తిరిగి రాలేదు. తొమ్మిదో ఏడు శ్రావణంలో శిబిరం లోపలే బాంబు పేలి ఆరుగురు పోయారు. లోపలివాడెవడో దారి చూపించాడన్నారు. ఆ తర్వాత దేశమంతా ఒకటే మాట, ఇక చాలు, మన పిల్లల్ని మనం తెచ్చుకుందామని. నేనూ ఆ మాటే అన్నాను. ఇప్పటికీ అంటాను.

వచ్చిన చిక్కల్లా అక్కడ మనవాళ్ళని నమ్ముకుని పనిచేసిన మనుషుల గురించి. దుబాసీలు, డ్రైవర్లు, దారి చూపినవాళ్ళు, శిబిరంలో వంట చేసినవాళ్ళు. మనం ఓడెక్కిన మర్నాడే తిరుగుబాటుదార్లు వాళ్ళ ఇళ్ళకి వస్తారని పసిపిల్లలకీ తెలుసు. అందరినీ ఓడెక్కిద్దామంటే, బాంబుకి దారి చూపినవాడు ఆ గుంపులోనే ఉంటే? అందుకని సోదెమ్మ పచ్చ దీపం చూపించినవాళ్ళనే తేవాలని పైవాళ్ళు తీర్మానించారు. మనవాళ్ళలో కలిసి తెలుగు నేర్చుకున్నవాళ్ళు నలభై ఒక్కమంది మా వంతుకొచ్చారు.

వాళ్ళలో మొదటివాడు సెబెలే. ఆ పేరు మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వింటున్నాను.

నా మొగుడు పైడిరాజు ఆ దళంలో హవల్దారు. మేనమామ కొడుకు, అందుకని నాకు బావే. శ్రావణంలో బాంబు పేలిన గదిలో ఉండాల్సినవాడు. పేలడానికి ఒక్క నిమిషం ముందు సెబెలే బయటికి రమ్మని పిలిచాడట. వరండాలోకి వచ్చాడు కనక మోకాలు ఒక్కటే పోయింది. ఇంటికొచ్చాక బావ ఈ కథ వందసార్లు చెప్పాడు. వందసార్లూ నాకు ఒకటే సందేహం. సరిగ్గా ఆ నిమిషానే ఎందుకు పిలిచాడు? అడిగితే, టీ కాసేడు, పిలిచేడు అనేవాడు. మొగుడిని బతికించినవాడిని అనుమానించడానికి సిగ్గు లేదా అని మీరు అడగవచ్చు. సిగ్గు ఉంది, అనుమానమూ ఉంది, రెండూ ఒకే ఇంట్లో కాపరం చేశాయి.

మంగళవారం పొద్దున్న పరీక్షలు పెట్టాం. వాళ్ళు అక్కడ రేవు గిడ్డంగిలో, గొంతుని సోదెమ్మకి చేరవేసే పెట్టె ముందు కూర్చుంటే, నేను ఇక్కడనుంచి అడగడం. సెబెలే గొంతు వినగానే ఉలిక్కిపడ్డాను. సాక్షాత్తు మా శ్రీకాకుళం యాస. ఏ పలాసలోనో పుట్టినవాడిలా మాట్లాడుతున్నాడు. నేనెవరో చెప్పకూడదు కనక చెప్పలేదు.

భోజనం అయిందా అని అడిగాను.

"అయిపోనాదండి," అన్నాడు.

మా దళానికి ద్రోహం చేశావా అన్నాను. లేదన్నాడు. ఎర్ర దీపం. బాంబు సంగతి నీకు ముందే తెలుసా అన్నాను. తెలియదన్నాడు. మళ్ళీ ఎర్ర దీపమే. తర్వాత నలభైమందినీ అడిగాను. సాయంత్రానికి లెక్క తేలింది. పచ్చ దీపం ఏడుగురికి, ఎర్ర దీపం ముప్పై నలుగురికి. తొమ్మిదేళ్ళు మనవాళ్ళు పాముల పుట్టలో పడుకున్నారన్నమాట అనుకున్నాను.

ఇంటికెళ్ళి చెప్పకూడని మాట చెప్పేశాను. బావ మోకాలికి కట్టిన గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"ఎల్లినప్పుడు మన ఇష్టానికి ఎల్లినాం, వొచ్చినప్పుడు మన ఇష్టానికి వొచ్చెస్తన్నాం. మజ్జిన ఆలకి ఇష్టమంటూ ఏటీ నేదా? మన పిల్లల్ని తెచ్చుకోడం తప్పనను. ఆలని ఒగ్గీసి తెచ్చుకోడం తప్పు."

ఇంత గట్టిగా వెనకేసుకొస్తున్నాడంటే ఏదో ఉంది అనిపించింది నాకు. అనుమానానికి గుమ్మం దొరికితే చాలు, పడగ్గదిదాకా వస్తుంది. బావకి ముందే తెలిసి ఊరుకున్నాడేమో. ఆరుగురు పోయారు, తను మిగిలాడు. ఈ ఆలోచన రావడానికి నాకు ఒక్క రాత్రి చాలింది. రాసుకోవడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

బుధవారం మధ్యాహ్నం జేబులో పట్టే చిన్న సోదెమ్మని కాంటీను సంచీలో వేసుకుని, చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాను. బావ వరండాలో మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. సంచీ పక్కన పెట్టి మామూలుగా అడిగాను, అన్నం తిన్నావా బావా అని.

"తినీసేను. నువ్వు తిను," అన్నాడు.

ఒక మనిషికి సరిపోయే అన్నం, చారు, కాస్త ఆనపకాయ కూర ఉన్నాయి. వడ్డించుకుని ఆయన ఎదురుగానే తిన్నాను. తింటూ తింటూ అడిగాను, సెబెలే నిజంగా మంచివాడేనా అని. నా పేనం ఎంతో ఆడూ అంతేనన్నాడు. సంచీలోకి చూశాను. ఎర్ర దీపం. నీకు ఆ బాంబు సంగతి ముందే తెలుసా బావా అని అడిగేశాను. ఆయన నా మొహంలోకి చూసి, నీకు మతి పోయిందా, నాకెలా తెలుస్తుందన్నాడు. దీపం ఎర్రగానే ఉంది.

చెయ్యి కడుక్కున్నాను. తిన్నగా ప్రయోగశాలకి వెళ్ళి ముప్పై నలుగురి జాబితా మీద సంతకం పెట్టాను. ఆ రాత్రి పక్కగదిలో పడుకున్నాను. బావ కారణం అడగలేదు.

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి ఒరాంబనుంచి ఆఖరి ఓడ. పొద్దున్న తొమ్మిదికి నేను సందు మలుపు దాటుతుంటే పునుగుల బండి పారమ్మ పిలిచింది. ఆవిడకి నోరూ ఎక్కువే, ప్రేమా ఎక్కువే.

"ఏటమ్మా హైమా, మొగుడికి అన్నం పెట్టడం మానీసినావేటి? నిన్న నువ్వు అటెల్లగానే కుంటుకుంటూ వొచ్చి నాలుగు ప్లేట్లు లాగించీసినాడు. పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదంట."

నవ్వి రెండడుగులు వేశాను. మూడో అడుగు పడలేదు.

తిన్నానన్నాడు కదా. తినలేదు. అంటే నేను సోదెమ్మకి నిజం అని చూపించింది అబద్ధం. ఆ అబద్ధాన్ని పక్కన పెట్టుకుని అది బావ చెప్పిన ప్రతి నిజాన్నీ ఎర్రగా చూపించింది.

వెనక్కి పరిగెత్తాను. నిన్న తిన్నానని ఎందుకు చెప్పావని వాకిట్లోంచే అడిగాను. బావకి మొదట అర్థం కాలేదు. తర్వాత తేలిగ్గా అన్నాడు, ఉన్నది ఒక మనిషికి, నువ్వు ఎండలో వచ్చావు, తినలేదంటే నువ్వు తింటావా అని. ఇంతోటిదానికి ఇంత రాద్ధాంతమా అన్నట్టు చూశాడు. సెబెలే అయితే ఏం చెప్తాడు అని అడిగాను.

"ఆడూ అంతే. నానే నేర్పినాను," అన్నాడు బావ. "తెలుగోలు తిన్నావా అనడిగితే అయిపోనాదనాలొరే, నేదంటే మన కంచంలోది ఎత్తి పెట్టెస్తారు, ఆలకి నేకుండా పోద్ది అని. ఆడు తతిమ్మావోలందరికీ నేర్పీసినాడు. మొహమాటం అన్న మాట ఆల బాసలో నేదు. మన మాటే వోడతారు."

ఆ నెల రోజులూ శిబిరంలో సరుకులు నిండుకుని అక్కడివాళ్ళకి ఒంటిపూటే పెడుతున్నారట, అదీ సాయంత్రం. ఆ సంగతీ బావే చెప్పాడు. నేను అడగడం పొద్దున్న పదికి మొదలుపెట్టి, వాళ్ళ పూట రాకముందే ముగించాను. తెలుగువాళ్ళం, భోజనం అయిందా అని అడిగితే అయిందని అబద్ధమాడడం ఉగ్గుపాలతో నేర్చుకున్నవాళ్ళం. ఎవరూ అబద్ధమాడని ప్రశ్న అని దాన్నే ఏరుకున్నాను నేను. రెండు వందల మంది మీద పరీక్షించాను, కాంటీను పక్కన, కడుపు నిండినవాళ్ళ మీద.

ప్రయోగశాలలో జాబితా తీసి పచ్చ దీపం వచ్చిన ఏడుగురి పనులు చూశాను. ఏడుగురూ వంటశాలవాళ్ళు. గిన్నె అడుగున మిగిలిందైనా తినివుంటారు. వాళ్ళొక్కళ్ళే నిజం చెప్పగలిగారు.

సదానందంగారి గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళాను. జేబు సోదెమ్మ సంచీలోనే ఉంది. ఎందుకు ఆపలేదో నాకు తెలుసు. ఎవరినీ నమ్మే స్థితిలో లేను, నన్ను నేనైనా సరే. ముందుగా ఇవాళ తారీఖెంత సార్ అని అడిగాను. ఆయన క్యాలెండరు చూసి చెప్పారు. అది నిజం. ఇక జరిగిందంతా చెప్పాను. ఇంకా నాలుగు గంటల టైముంది, మరో ప్రశ్నతో అందరినీ మళ్ళీ పరీక్షిద్దామన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. విని, సెబెలే మీ ఆయన స్నేహితుడు కదూ అన్నారు. నేను నా మొగుడిని అనుమానించిన దారిలోనే ఆయన నన్ను అనుమానించారు, తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. యంత్రం ఎర్ర దీపం చూపించినప్పుడు శాస్త్రం అన్నాం హైమావతీ, ఇప్పుడు కాదంటే పైవాళ్ళు మనల్ని ఏమనుకుంటారన్నారు. అదీకాక ఖాళీ లేదట. ముప్పై నలుగురి చోటులో నిన్ననే రెండు జీపులు, జనరేటర్లు ఎక్కించేశారట. నా మొహం చూసి గొంతు తగ్గించారు.

"కంగారు పడకు. వచ్చే వారం రెండో ఓడ వెళ్తోంది. వీళ్ళకోసమే. అప్పటిదాకా గిడ్డంగి దాటకుండా ఉంటే చాలు."

సంచీలోకి చూశాను. చిన్న ఎర్ర దీపం.

రెండో ఓడ లేదు. గిడ్డంగి దాటకుండా ఉంటే, రేపు తిరుగుబాటుదార్లు వచ్చి ఒక్కచోటే ముప్పై నలుగురినీ పట్టుకుంటారు. ఎందుకు ఉండమంటున్నారో కూడా అర్థమైంది. ఓడ కదిలేటప్పుడు రేవులో ఏడుపులు, తోపులాటలు ఉండకూడదు. అదంతా టీవీల్లో రాకూడదు.

ఇంకో పని కూడా నాకు ఉందన్నారు ఆయన. పరీక్షించిన గొంతు కనక వాళ్ళు నీ మాట వింటారు, రెండు గంటలకి ముందు ఓసారి మాట్లాడి ధైర్యం చెప్పు అన్నారు. ఓడ కదిలితే లైను ఉండదు. సరేనన్నాను. అంత వినయంగా నేను ఎప్పుడూ సరేననలేదు. ఆయనకి అనుమానం రానందుకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రెండుకి అయిదు నిమిషాలుండగా లైను కలిపారు. సదానందంగారు నా పక్కనే కూర్చుని చెవులకి హెడ్‌ఫోను పెట్టుకున్నారు. లైను తుంచే స్విచ్చి ఆయన చేతి దగ్గరే ఉంది. పెద్ద సోదెమ్మ నా ఎదురుగా ఉంది.

నీ పక్కన ఎంతమంది ఉన్నారు సెబెలే అని అడిగాను. ముప్పై ముగ్గురు, నాతో ముప్పై నలుగురన్నాడు. అది నిజం. యంత్రం ఇన్నాళ్ళకి అతని అసలు గొంతు విన్నది.

"సెబెలే, నేను మీ పైడిరాజు అన్న భార్యని," అన్నాను.

అవతల అతను లేచి నిలబడ్డ చప్పుడైంది. తర్వాత, "దండాలు వదినా," అన్నాడు.

అతని గొంతులో సంతోషం లేదు, జాగ్రత్త ఉంది. ఏ అక్కయ్య ఇంటికో వెళ్ళి కుర్చీ అంచున కూర్చున్నవాడిలా మాట్లాడుతున్నాడు. నేను ఇక ఆగలేదు. రెండో ఓడ రాదు, ఎవరు చెప్పినా నమ్మొద్దు, గిడ్డంగిలో ఉండొద్దు, తిరుగుబాటుదార్లు రేవుకి దిగేలోపు, ఇప్పుడే అందరినీ తీసుకుని వాళ్ళు లేని వైపు కొండల్లోకి వెళ్ళిపొండి అన్నాను. సదానందంగారి చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది.

"ఎల్లం వదినా," అన్నాడు సెబెలే. "మీరు అడుగుతున్నదేటో మాకు తెల్సు. మొన్న మీ ప్రశ్నలకి సరిగ్గా సెప్పనేకపోనాం, ఏటి తప్పు సెప్పినామో తెల్దు. రేతిరంతా అదే అనుకున్నాం. ఈపాలి తప్పు సెయ్యం. దళంలో అన్నగోలు ఉండమన్న సోటే ఉంటాం. ఏ కొండల్లో ఉన్నోలైనా మీ శత్రువులే. ఆలకాడికి మేమెందుకెల్తాం?"

పచ్చ దీపం వెలిగింది. సదానందంగారు చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీలో ఆనుకుని కూర్చున్నారు.

ఇది పరీక్ష కాదని చెప్పాను. బావ మీద ఒట్టేశాను. మోకాలి సంగతి చెప్పాను, అతను కాసిన టీ సంగతి చెప్పాను, భోజనం ప్రశ్న సంగతి చెప్పాను. తప్పు మీది కాదు, నాది అని ఏడిచాను. ఏడుపు కూడా పరీక్షలో భాగమే అనుకున్నాడో ఏమో, ప్రతిదానికీ చిత్తం వదినా, చిత్తం వదినా అంటున్నాడు. వెనకాల ఎవరో ఒరాంబ భాషలో ఏదో అడిగారు. ఇతను వాళ్ళకి ఏదో చెప్పాడు. అందరూ నవ్వారు, గండం గడిచినవాళ్ళు నవ్వినట్టు.

"సరిగ్గా సెప్పినానా వదినా?" అని అడిగాడు.

గడియారంలో ఒక నిమిషం ఉంది. నిజం చెప్తే నమ్మడం లేదు. వాళ్ళకి నమ్మకం ఉన్నది ఒక్క పరీక్ష మీదే. నేను కళ్ళు తుడుచుకుని, మొన్న ప్రశ్నలడిగిన గొంతుతో అన్నాను.

"తప్పు. సరైన జవాబు కొండల్లోకి వెళ్ళిపోతామనడం. వెళ్తేనే మీరు నమ్మకస్తులని రాస్తాను. ఇప్పుడే వెళ్ళాలి. వెళ్తారా?"

అటువైపు వాళ్ళ భాషలో గుసగుసలు వినపడ్డాయి. ఓడ కూత వినపడింది. ఆ మోతలోనే సెబెలే, నా మాట కాదనలేక, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అలగే వదినా. ఎల్లిపోతాం."

లైను తెగిపోయింది. సదానందంగారు హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టారు. నేను ఆయన వైపు చూడలేదు. నా ఎదురుగా సోదెమ్మకి ఎర్ర దీపం వెలుగుతోంది. ఈసారి దానికి మొదటి ప్రశ్న సరిగ్గానే వేశాను.